పొగమంచు ఊరికి రెండోసారి

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కింది, మళ్లీ లేవలేదు. నల్లా వచ్చే వేళకి ఆవిడే ముందు లేచి మిగతా అందరినీ లేపడం ఆ ఇంట్లో అలవాటు. ఆ రోజు నల్లా వచ్చి, బకెట్టు నిండి పొర్లిపోతుంటే, ఆ చప్పుడుకి లేచిన ఆవిడ కొడుకు, మా అన్న, చూశాడట. జల్‌పల్లిలో ఉన్న నాకు ఫోన్ చేసి, "అమ్మ లేస్తలేదే. నువ్వు జెర రా" అన్నాడు.  వెంటనే బయల్దేరాను.

ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేపర్లో వేసేంత గొప్ప మనిషేమీ కాదు. ఉప్పుగూడలో మా ఉమ్మడి కుటుంబానికి పెద్దకోడలు. అఫ్జల్‌గంజ్‌లో పసుపు, మిర్చి టోకున అమ్మే మా దుకాణం గల్లాపెట్టె దగ్గర పెదనాన్న, తర్వాత అన్న కూర్చున్నా, పెత్తనమంతా ఇంట్లోంచి ఆవిడదే. అయితే ఆవిడ చేసిన పని ఒకటుంది, మా బస్తీలో ఇంకే పెద్దమ్మా చేసి ఉండదని పందెం కాస్తాను. వేరే గ్రహానికి రెండుసార్లు వెళ్లింది. నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వాను.

ఆ సంగతికి వచ్చే ముందు ఆవిడ అలవాట్లు రెండు చెప్పాలి. మొదటిది, ఎవరు పిలిచినా పలకడం. గల్లీలోంచి "అమ్మా" అని వినపడితే చాలు, పిలిచింది మా ఇంటినా, పక్కింటినా అని చూడకుండా వంటింట్లోంచే "ఆఁ, వస్తున్న" అనేది. "ఎవరో ఏమో తెలియకుండానే వస్తున్నానంటావేం?" అని విసుక్కుంటే, "పిల్చినోళ్లకు ముందుగాల పలకాలె. ఎవలని అడుగుడు తర్వాత" అనేది. రాంగ్ నంబర్ ఫోన్లకి కూడా ఇదే మర్యాద. అలా పొరపాటున చేసిన ఒకావిడ, తన కూతురి పెళ్లి కుదిరిందని చెప్పడానికి కావాలనే మళ్లీ చేసింది. ఆవిడ పేరేమిటో మా పెద్దమ్మకి చివరిదాకా తెలియదు.

రెండోది, గిన్నెల సంగతి. పక్కింటి నుంచి గిన్నె వస్తే అది ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. రంజాన్‌కి ఎదురింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చిన గిన్నె మా ఇంటి సకినాలతో వెళ్లేది. ఏమీ లేని రోజున కాస్త చక్కెరో, ఇంత చింతపండో వేసి పంపేది. చాలా ఇళ్లలో ఉన్న మర్యాదే ఇది. కాకపోతే పెద్దమ్మ దాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్లిందన్నదే అసలు కథ.

దుకాణం లెక్కలకని మా అన్న తొంభైల చివర్లో ఒక కంప్యూటర్ కొన్నాడు. అఫ్జల్‌గంజ్‌లో అది ఎక్కువ కాలం పనిచెయ్యలేదు. మిరప ఘాటుకి మనుషులే ఉక్కిరిబిక్కిరయ్యే చోట అదేం పనిచేస్తుంది? దాన్ని అమర్చి ఇచ్చిన కంప్యూటర్ భాయ్ వచ్చి డబ్బా విప్పితే లోపలంతా ఎర్రగా, పచ్చగా పేరుకుని ఉంది. పాపం ఆయనకి తుమ్ములాగలేదు. "సేఠ్, దీన్ని ఇంటికన్న తీస్కపో, లేకుంటే తాలింపన్న ఎయ్" అన్నాడు. అలా అది ఉప్పుగూడ ఇంటి ముందుగదిలోకి చేరింది. పెద్దమ్మ పాత చీర చింపి దానికి ముసుగు కుట్టింది.

తెర మీద రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడ్డానికని భాయ్ అందులో ఒక ఆట వేసి వెళ్లాడు. ఆ ఆటలో కాల్చుకోవడాలు, గెంతడాలు లేవు. ఒక మనిషి నడిపే అంతరిక్ష నౌక చెడిపోయి, ఎక్కడో తెలియని గ్రహం మీద దిగుతుంది. ఎటు చూసినా పొగమంచు. మంచులో ఒక ఊరు. ఇళ్లున్నాయి, తలుపులు తెరిచి ఉన్నాయి, మనుషులు లేరు. మనం ఆ మనిషిని నడిపిస్తూ, ఊరంతా తిరిగి, నౌక బాగుచేసుకుని బయటపడాలి. మాటలు దాదాపు లేవు, గాలి చప్పుడూ అడుగుల చప్పుడూ తప్ప. ఇంగ్లీషు రాని పెద్దమ్మకి అదే కలిసొచ్చింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ఆడుతుంటే, చాటలో బియ్యం వేసుకుని పక్కన కూర్చుని చూసేది.

"తలుపులన్ని బార్ల తెర్సిపెట్టి యాడికి పోయిన్రే వీళ్లు?" అంది మొదటి రోజు.

"తెల్వది పెద్దమ్మా. అదే కనుక్కోవాలె."

"కనుక్కునుడు తర్వాత. ముందుగాల ఆ తలుపులు దగ్గరికేస్కుంట పో. మంచు లోపలికి పోతున్నది."

అలా ఊళ్లో తలుపులన్నీ వేయించింది. రెండు రోజులు పోయాక చాట పక్కన పెట్టి, "ఇటియ్యి, నేను నడిపిస్త" అంది. మౌస్‌ని పూరీ పీట మీద పిండిముద్దని పట్టుకున్నట్టు పట్టుకునేది. మొదట్లో ఆ మనిషి గోడలకి గుద్దుకుంటూ నడిచాడు. "అయ్యో, దెబ్బ తాకిందా బిడ్డా" అని అతన్ని పలకరించేది. నెల తిరిగేసరికి నాకంటే బాగా నడిపించింది. నల్లా వచ్చేదాకా ఆవిడ ఆ గ్రహం మీదే ఉండేది.

అక్కడే గిన్నెల మర్యాద అడ్డమొచ్చింది. ఆ ఇళ్లలో పెట్టెలుంటాయి. తెరిస్తే దీపమో, తాడో, నీళ్ల సీసానో ఏదో ఒకటి దొరుకుతుంది. అది సంచిలో వేసుకుని ముందుకు పోవాలి. సంచి నిండితే అందులోది తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు కూడా. ఆ వీలు చూడగానే పెద్దమ్మ మొహం విప్పారింది. దీపం తీసుకుని, దాని చోట తాడు పెట్టింది. ఇంకో ఇంట్లో సీసా తీసుకుని అద్దం పెట్టింది.

"అట్ల పెట్టొద్దు పెద్దమ్మా. మనకే పనికొస్తయవి" అని మొత్తుకున్నాను.

"ఎవలింట్లకెళ్లో తీస్కుంటున్నం. ఖాళీ పెట్టె పెట్టి పోతమా? రేపు వాళ్లొచ్చి సూస్తే ఏమనుకుంటరు?"

"ఎవ్వరు రారు. ఇది ఆట."

"వచ్చినప్పుడు మనల్నే అంటరు."

తీరా గుట్ట మీదికి ఎక్కాక, నౌక బాగుచేసుకోవడానికి అక్కడున్న యంత్రానికి నీలం రాయి కావాలని తేలింది. ఆ రాయిని ఈవిడ ఏదో ఇంట్లో పెట్టి వచ్చేసింది. ఏ ఇంట్లోనో గుర్తులేదు. ఆ మంచులో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎండాకాలం సెలవులన్నీ మాకు ఆ రాయి వెతకడానికే సరిపోయాయి. ఇంట్లో మస్తు లొల్లి అయింది, నేను రెండు రోజులు అలిగాను కూడా. ఆవిడ మాత్రం "పెట్టింది యాడికి పోతది, ఉంటది" అంటూ ఇల్లిల్లూ తిరిగింది. చివరికి రాయి దొరికింది. హమ్మయ్య అనుకునేలోపు, రాయి తీసుకుని ఆ చోట దీపం పెట్టేసింది. తిరుగుదారంతా చీకట్లో తడుముకుంటూ నడిచాం. ఆవిడకి నవ్వు ఆగదు, నాకు కోపం ఆగదు.

మొత్తానికి నౌక బాగైంది. మనిషి ఎక్కాడు. తలుపులు మూసుకుంటున్నాయి. అప్పుడు నౌకలోని రేడియోలోంచి ఒక గొంతు వినపడింది. అర్థంకాని భాషలో చిన్న పిలుపు, ఎక్కడో దూరం నుంచి. అంటే ఆ గ్రహం మీద ఎవరో ఉన్నారు. నౌక పైకి లేచింది, చుక్కలు కనపడ్డాయి, ఆట అయిపోయింది.

"ఆపు! ఆపే! ఎవలో పిలుస్తున్నరు!" అని పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఆపడానికి లేదు. ఆ చివరి ఘట్టం మళ్లీ మళ్లీ ఆడించి చూసింది, ఎక్కడైనా దిగే వీలుందేమోనని. లేదు. భాయ్‌ని పిలిపించింది. ఆయన చూసి, "అమ్మా, గేమ్ ఖతం. మీరు గెలిచిన్రు" అన్నాడు.

"గెలుసుడేంది? ఆమె గాడనే ఉండిపాయె. పిలుస్తుంటే ఇనపడనట్టు వచ్చేసినం."

ఆ గొంతు ఆడదో మగదో చెప్పడం కష్టం. పెద్దమ్మకి మాత్రం ఆ అనుమానం లేదు.

"ఫికర్ నక్కో అమ్మా. దూస్రా పార్ట్ ఆతా కతే" అన్నాడు భాయ్. బెంగ పడొద్దు, రెండో భాగం వస్తుందట.

అంతే, ఆ రోజు నుంచి ఆయనకి తిప్పలు మొదలయ్యాయి. దారిలో కనపడినా, ఎదురింటి పెళ్లిలో కనపడినా, "రెండోది వచ్చిందా?" అని అడిగేది. ఊరి నుంచి రావలసిన చుట్టాల గురించి అడిగినట్టే అడిగేది. ఏళ్లు గడిచాయి. నా పెళ్లయింది, జల్‌పల్లి కొత్త కాలనీలో కాపురం పెట్టాం, పెదనాన్న పోయాడు. రెండోది రాలేదు.

ఈలోగా పెద్దమ్మకి షుగర్ ముదిరి కళ్లకి వచ్చింది. కుడికన్ను దాదాపు పోయింది. ఎడమకన్ను ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు డాక్టరు. ఆస్పత్రి నుంచి ఆటోలో తిరిగొస్తుంటే ఆవిడ నిదానంగా అంది. "ఒక్కటే ఫికర్ బిడ్డా. ఆమె దగ్గరికి పోవాల్నంటే కండ్లు గావాలె గద."

 కళ్లు పోతున్న మనిషి ఆటలోని గొంతు గురించి బెంగపెట్టుకుందంటే, నిజం చెప్పొద్దూ, కోపమొచ్చింది. "అది ఆట పెద్దమ్మా" అన్నాను.

"ఆటని నాకు తెల్వదా?" అని చీరకొంగు సర్దుకుంది. తర్వాత అంది. "నువ్వు సిన్నగున్నప్పుడు కర్ఫ్యూ పెట్టిన్రు, యాదికున్నదా? ఒకనాడు గల్లీలకెళ్లి ఎవలో 'అమ్మా' అని పిలిసిన్రు. నేను లేసిన. మీ పెదనాన్న గడియ తియ్యనియ్యలే. పలకనన్న పలకనియ్యలే. ఆయన తప్పు గాదు, గా రోజులు గసొంటివి. ఎవలో, ఏం గావాల్నో ఇప్పటికి తెల్వది. ఇగ ఆమెనన్న సూడాలె."

ఎవరు పిలిచినా ఆవిడ అంత గబుక్కున ఎందుకు పలికేదో నాకు అప్పుడు తెలిసింది. 

ఆ తర్వాత కొన్నాళ్లకి అన్న పాత కంప్యూటర్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామన్నాడు. పెద్దమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మా, అది పాత డబ్బా. అండ్ల ఏమున్నది?"

"మన సామాన్లున్నయ్ రా అండ్ల. ఇంటింటికి పెట్టొచ్చినవి."

అన్న నా వైపు చూశాడు. దుకాణం లెక్కలు తప్ప వేరే ఏవీ పట్టని మనిషి వాడు, ఆ ఆట వంక ఎప్పుడూ తలెత్తి చూడలేదు. అయినా తల్లితో వాదించి నెగ్గినవాడెవడు? కొత్తది వచ్చింది, పాతదీ మూలన ముసుగేసుకుని ఉండిపోయింది.

అదే మంచిదైంది. ఒక శుక్రవారం నమాజు అయ్యాక భాయ్ ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో సీడీ. "అమ్మా, ఆ గయా!" అన్నాడు గుమ్మంలోంచే, రెండోది వచ్చేసిందని. లోపలికి వచ్చి కూర్చున్నాక ఇంకో మాట చెప్పాడు. పాత ఆట దాచిపెట్టుకున్నవాళ్లు దాన్ని కొత్త ఆటలో కలుపుకోవచ్చట. మొదటిసారి ఆ ఊళ్లో మనం ఏం చేశామో రెండోదానికి గుర్తుంటుందట. పెద్దమ్మ వెంటనే అన్న వైపు తిరిగి చూసింది. చూపు సరిగ్గా ఆనకపోయినా ఆ చూపులోని దెప్పు అన్నకి బాగానే తగిలింది.

పాత కంప్యూటర్ మొరాయించింది. భాయ్ విప్పి, ఊది, తుడిచి, మళ్లీ బిగించాడు. ఇంట్లోవాళ్లందరూ చుట్టూ చేరారు. ఎట్టకేలకి తెర వెలిగింది. పాత ఆట కొత్త కంప్యూటర్లోకి వచ్చాక పెద్దమ్మ భాయ్‌కి తన చేత్తో వడ్డించి గానీ పంపలేదు.

నేను ఆదివారాలు వచ్చేదాన్ని. అదే గ్రహం, అదే ఊరు, ఎన్నో ఏళ్ల తర్వాత. కొన్ని ఇళ్లు కూలిపోయాయి, మంచు ఇంకా చిక్కబడింది. మౌస్ ఆవిడ చేతిలో, కళ్లు నావి. "కుడికి, ఇంకొంచెం కుడికి, మెట్టున్నది" అని నేను, "నువ్వు సక్కగ చెప్తలేవు" అని ఆవిడ. ఇద్దరం బాగా పోట్లాడుకున్నాం. ఆ ఆదివారాలంత సుఖంగా నా పెళ్లయ్యాక మళ్లీ ఎప్పుడూ ఉన్నట్టు గుర్తులేదు, ఈ మాట మా ఆయన చదివినా పర్వాలేదు.

మొదటి ఇంట్లో పెట్టె తెరిచాం. అప్పుడు పెట్టిన తాడు లేదు.

"ఎవలో వాడుకున్నరు," అంది సంబరంగా. "ఇంకేమున్నది సూడు."

పెట్టె అడుగున ఎండిన పువ్వు ఒకటి ఉంది. రెండో ఇంట్లో అద్దం లేదు, దాని చోట చెక్కిన బొమ్మ ఉంది. మూడో ఇంట్లో పెట్టిన దీపం పోయి, అల్లిన చిన్న బుట్ట ఉంది. ప్రతి ఇంట్లోనూ అంతే. పిలిచిన ఆ మనిషి ఇన్నేళ్లూ పెద్దమ్మ పెట్టినవి వాడుకుంటూ, వాటి చోట తన దగ్గరున్నవి పెడుతూ వచ్చింది. అలా రాసుకున్న ఆట అది, నాకు తెలుసు. అయినా పువ్వున్న పెట్టె మళ్లీ తెరిపించి చూశాను.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "సూసినవా? ఖాళీగ పెట్టలే. మనోళ్లే బిడ్డా, మనోళ్లే."

ఊరి చివర ఆమె ఇల్లు. ఎవరి పెట్టెలూ నింపకుండా మొదటి ఆట ముగించినవాళ్లకి ఆ తలుపు తెరుచుకోదని, వెనక నుంచి దూరాలని తర్వాత భాయ్ చెప్పాడు. మేం గుమ్మం ముందు నిలబడగానే తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల పొడుగ్గా, సన్నగా ఒక ముసలామె. మొహం స్పష్టంగా కనపడదు. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

పెద్దమ్మ వెంటనే మన మనిషి చేత చెయ్యి చాపించింది, ఆమెని నౌకలోకి తీసుకుపోవడానికి. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ చాపించింది. మళ్లీ అంతే. ఎన్నిసార్లు అడిగినా రానంది. పెద్దమ్మ మౌస్ వదిలేసి లేచి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఆమెని తీసుకురావడానికే కదా. నేను గిన్నెలు సర్దుతూ కూర్చున్నాను.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి తేరుకుని ఉంది. "ఆమె ఇల్లు అది. ఇల్లిడ్సి ఎందుకొస్తది?" అంది. "నన్ను తీస్కపొమ్మని పిలువలే ఆమె. నేనిక్కడున్న అని చెప్పింది. గంతే."

"మరి ఇగ పోదామా పెద్దమ్మా?"

"వచ్చిన కాళ్లమీదనే పోతరా ఎవలన్న? జెరసేపు కూసుందాం."

ఆ ఆటలో ఏమీ కదిలించకుండా ఉంటే మన మనిషి మెల్లగా కింద కూర్చుంటాడు. అతను కూర్చోగానే ఆ ముసలామె కూడా ఎదురుగా కూర్చుంది. బయట గాలి చప్పుడు. పెద్దమ్మ కుర్చీలో వెనక్కి వాలి, చాలా తృప్తిగా నిట్టూర్చింది.

ఆ జెరసేపు ఏళ్లు సాగింది. ఎడమకన్ను కూడా పోయాక, మధ్యాహ్నం అన్నాలయ్యాక అన్నతో ఆట పెట్టించుకుని, ఆ గాలి చప్పుడు వింటూ కూర్చునేది. కూర్చున్న చోటి నుంచే ఆమెకి ఇంటి ముచ్చట్లన్నీ చెప్పేది. మిర్చి ధర పడిపోయిందనీ, ఎదురింటి పిల్లకి కొడుకు పుట్టాడనీ. అన్న మొదట్లో ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని గొణిగేవాడు. తర్వాత దుకాణం నుంచి అన్నానికి వచ్చి, అడక్కుండానే ఆట పెట్టి వెళ్లేవాడు. ఆట ముగిద్దామని నేను ఎప్పుడూ అనలేదు. ఆవిడా అనలేదు.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, ఇల్లు ఊడ్చుకుని ముందుగదిలో కూర్చున్నాం అన్నా నేనూ. ఆవిడ నాకు ఇచ్చినవన్నీ ఆ గదిలోనే ఇచ్చింది. ఆవిడ బతికుండగా ఆ మాట నేను చెప్పి ఉంటే బాగుండేది, కానీ ఇంట్లోవాళ్లకి ఎవరం చెబుతాం అలాంటివి? అన్న కంప్యూటర్ వైపు చూశాడు. "దాన్ని గట్లనే ఉంచుదామా, ఏం జేద్దాం?" అన్నాడు.

"పెద్దమ్మ పోయింది గద అన్నా. ఆటల ఉన్న మనిషిని కూడ పంపిద్దాం" అన్నాను.

ఆట పెట్టాను. వాళ్లిద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. మన మనిషిని లేపాను. అతను గుమ్మం వైపు తిరగగానే ఆమె కూడా లేచింది. అది నేను ఎదురుచూడలేదు. ఎప్పుడూ బయల్దేరి చూడలేదు కదా మేము. అతని వెనకే మెల్లగా, వంగిన నడుంతో, గడప దాటింది. ఊరంతా దాటి నౌక దాకా వచ్చింది. అతను ఎక్కాడు, తలుపులు మూసుకున్నాయి. కిందనుంచి ఆమె పిలిచింది, అదే పిలుపు. ఈసారి నౌకలోంచి మన మనిషి పలికాడు. రెండు ఆటల్లో అతని గొంతు వినడం అదే మొదలు.

నౌక లేచింది. ఆమె మంచులో నిలబడి పైకి చూస్తోంది.

నా వెనక కుర్చీ చప్పుడైంది. అన్న లేచి తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. 

"ఆమెను లోపలికి పొమ్మనవే," అన్నాడు. "సలి పెడతది."

ఆమె వెళ్లలేదు. కింద కనపడినంతసేపూ అక్కడే నిలబడి, చెయ్యెత్తి పట్టుకుని చూస్తూనే ఉంది.